రెండో గుంతలో చక్కెర

నేను ఎరిగిన హేతువాదులందరిలోకీ గట్టి మనిషి ప్రతి శనివారం ఒంటిపొద్దు ఉండేది. ఆయుధపూజ నాడు ల్యాబులోని ఆవిరి యంత్రానికి బొట్టు పెట్టి బంతిపూల దండ వేసేది. మంగళవారం గోళ్ళు తీసుకునేది కాదు. ఈ మాట చెబితే నా పాత మిత్రులు నవ్వుతారు. నవ్వనివ్వండి. అప్పట్లో నేనూ నవ్వినవాడినే.

ఎనభైల మొదట్లో చిక్కబళ్ళాపురంలో ఒక ధర్మసంస్థ నడిపే ఆడవాళ్ళ ఆస్పత్రిలో నేను ల్యాబు పనికి చేరాను. నాకు ఇరవై నాలుగేళ్ళు. నోటికి అంతకు రెట్టింపు వయసు. ఆదివారం సాయంత్రాలు గ్రంథాలయం మేడ మీద మా చర్చాకూటమి జరిగేది. జాతకాలను, రాహుకాలాన్ని, తాయెత్తులను, కులాన్ని వరసగా బోనులో నిలబెట్టి అడ్డప్రశ్నలు వేసేవాళ్ళం. వచ్చేది ముప్పై నలభై మంది. అందులో సగం మంది మాతో వాదించడానికే వచ్చేవాళ్ళు. ఆ వేడి చల్లారకముందే సోమవారం పొద్దున ల్యాబుకు పోయి, ఆవిరి యంత్రం మీది బొట్టు చూసి పళ్ళు కొరికేవాడిని.

ల్యాబుకు మూడు గదులు. మొదటి గదిలో రక్తం, మూత్రం పరీక్షలు. రెండో గదిలో మైక్రోస్కోపు, నా బల్ల. మూడో గది ఆమెది. దాన్ని మీడియా గది అనేవాళ్ళం. సూక్ష్మజీవులకు అది వంటిల్లు. అవి పెరగడానికి కావలసిన తిండిని, అదే మీడియాను, అక్కడ వండి, గాజు పళ్ళేల్లో, గొట్టాల్లో పోసి గడ్డకట్టించాలి. పదిహేనేళ్ళుగా ఆ వంట ఒక్క ఆమెదే. సాదలిలో పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టి, ఎస్సెస్సెల్సీ చదివి, అంతకుముందున్న ముసలి డాక్టరు దగ్గర పని నేర్చుకున్న మనిషి. యాభైకి దగ్గరపడింది. నేను అమ్మా అనేవాడిని, ఆమె నన్ను అప్పా అనేది.

మా ఆస్పత్రి డాక్టరమ్మ వారానికి ఒకరోజు బాగేపల్లిలో, ఒకరోజు చింతామణిలో శిబిరం పెట్టేది. గూళూరు వైపు పల్లెల నుంచి, చింతామణి చుట్టుపక్కల నుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. పసిబిడ్డ నోట్లో తెల్లపూత కనిపిస్తే దిష్టి అని మంత్రం వేయించి, పాలు పట్టలేక బిడ్డ చిక్కిపోయిన తరువాత తెచ్చేవాళ్ళు. ఆ బిడ్డ తల్లికే తెల్లబట్ట అవుతున్న సంగతి మాత్రం అడిగినా చెప్పేవాళ్ళు కాదు. రెండింటికీ కారణం ఒకటే: ఈస్టు. కంటికి కనిపించనంత చిన్న బూజు జాతి. అయితే ఈస్టులన్నీ ఒకటి కావు. కొన్ని మామూలు మందుకు చస్తాయి, కొన్ని మొండికేస్తాయి. ఏ జాతిదో తెలిస్తే తప్ప డాక్టరమ్మకు మందు నిర్ణయం కుదరదు. శిబిరంలో పుల్లకు చుట్టిన దూదితో తీసిన నమూనాలు బస్సులో మా దగ్గరికి వచ్చేవి.

వాటి జాతి తేల్చడం చూడాలంటే మూడో గదికి పోవాలి. మొదట ఆమె రక్తంలోని సీరం బొట్టులో ఈస్టును కలిపి రెండు మూడు గంటలు వెచ్చగా ఉంచుతుంది. నానిన పెసలకు వచ్చినట్టు దానికి మొలక వస్తే అది ఒక జాతి. రాకపోతే అసలు పని మొదలు. బియ్యం ఉడికించిన నీళ్ళతో చేసిన పలుచటి గడ్డ మీద గీత గీసి, దాని మీద గాజుబిళ్ళ కప్పి, రోజులు గడిచాక మైక్రోస్కోపు కింద చూస్తుంది. కొన్ని దారాల్లా సాగుతాయి, కొన్ని గుండ్రంగానే మిగులుతాయి, ఒకదాని కొసన మందపాటి గోడలున్న ముత్యాలు పుడతాయి. ఆ పక్కన వరసగా చక్కెరల గొట్టాలు. ఏ ఈస్టు ఏ చక్కెరను పులియబెడుతుందో, ఏది ముట్టుకోదో చూడాలి. ప్రతి గొట్టంలో బోర్లించిన ఇంకో బుల్లి గొట్టం. పులిస్తే అందులో గాలి బుడగ నిలుస్తుంది.

వాటిని చూస్తూ ఆమె మాట్లాడేది. ‘ఈయప్పకు పాలచక్కెర పడదు. గుంటూరోళ్ళకు సప్పిడికూడు మాదిరి,’ అనేది. ‘ఇంగో ఈడు చూడు, ఏం పెట్టినా తింటాండాడు, మీ కూటమిలో కాఫీ ఇచ్చే రోజు వచ్చేటోళ్ళ జాతి.’

అంత ఓపిక చూసి కూడా నేను ఆమెను మెచ్చలేదు. బొట్టు పెట్టిన యంత్రం అడ్డం వచ్చింది.

అలాంటి రోజుల్లో బెంగళూరు నుంచి ఒక కంపెనీ మనిషి కిట్ల పెట్టె తెచ్చాడు. విదేశీ సరుకు. పట్టీలాంటి ప్లాస్టిక్ పలక, దాని మీద వరసగా ఇరవై చిన్న గుంతలు. మొదటిది తప్ప ఒక్కో గుంత అడుగున ఒక్కో రకం చక్కెర ఎండబెట్టి ఉంటుంది. పొట్లంలోని పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, అందులో ఈస్టును కలిపి, గుంతల్లో చుక్కలు వేసి, మూత పెట్టి మూడు రోజులు వెచ్చగా ఉంచాలి. ఈస్టు ఆ చక్కెరను తింటే పెరిగి గుంత మబ్బుపడుతుంది, తినకపోతే తేటగా ఉంటుంది. మబ్బుపడ్డ గుంతలకు అంకెలు వేసి కూడితే ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యకు ఎదురుగా జాతి పేరు ఇంకో పుస్తకంలో అచ్చువేసి ఉంటుంది. వంట లేదు, బియ్యపు నీళ్ళు లేవు, పదిహేనేళ్ళ అనుభవం అక్కర్లేదు.

నాకు ఆ పట్టీ సాక్షాత్తు మా సిద్ధాంతంలాగే కనిపించింది. చూసేవాడు ఎవడైనా ఒకటే జవాబు! చేయి తిరిగిన మనిషి మీద ఆధారపడని జ్ఞానం! కిట్లు మన ఊళ్ళో పనిచేస్తాయో లేదో పరీక్షించి వరది, అంటే నివేదిక, రాసి పంపమని సంస్థ పెద్దలు డాక్టరమ్మను కోరారు. పనిచేస్తే మూడో గది మూసేస్తారు. ఆమెకు బాగేపల్లి క్లినిక్కుకు వర్గ, అంటే బదిలీ, అవుతుంది. అక్కడ మలేరియాకు రక్తపు పూతలు చూడడమే పని. రోజూ రానూ పోనూ బస్సు. ఇదంతా దాచిపెట్టి జరగలేదు. డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. చెప్పి, ఆ పరీక్ష నడిపే బాధ్యత ఆమెకే ఇచ్చింది.

ఇది నాకు మింగుడుపడలేదు. ఆమె బయటికి పోయాక, వాది చేతికే తీర్పు కాగితం ఇవ్వడం ఎక్కడి న్యాయం అని డాక్టరమ్మను అడిగాను. ఆయమ్మ పరీక్ష ఎట్లా పెడుతుందో చూసి అప్పుడు మాట్లాడమని మాత్రం అంది.

పరీక్ష పెట్టిన తీరు ఇది. అప్పటికే జాతి తేలిన ఈస్టులు కొన్ని, కొత్తగా శిబిరాల నుంచి వచ్చినవి కొన్ని తీసుకుని వాటి పేర్లు చెరిపేసి నంబర్లు వేయించింది. నంబర్లు వేసింది తాను కాదు, డాక్టరమ్మ. ఆ జాబితా డాక్టరమ్మ సొరుగులో తాళం వేసి ఉంటుంది. పాత పద్ధతిలో చూసేది తాను, కిట్టుతో చూసేది నేను. ఒకరి నోటు పుస్తకం ఒకరు తెరవకూడదు. అంతవరకు నాకూ తట్టేదేమో. తరువాతది తట్టేది కాదు. కొన్ని ఈస్టులకు రెండేసి నంబర్లు వేయమంది. అదే మనిషి రెండుసార్లు వేరే పేరుతో వస్తే ఒకటే జవాబు చెప్తామా లేదా అని. పైగా చింతామణిలో బన్నులు చేసే బేకరీకి పోయి వాళ్ళ పిండిని పులియబెట్టే ఈస్టు తెచ్చి, దానికీ ఒక నంబరు వేయమని డాక్టరమ్మకు ఇచ్చిందట. ఈ సంగతులు నాకు ఫలితాల రోజు వరకు తెలియవు. తన మీద తానే పెట్టుకున్న నిఘా అది. మా కూటమిలో ఏళ్ళ తరబడి నిష్పాక్షికత గురించి మాట్లాడాం. దాన్ని ఒక గొట్టానికి అంటించిన చీటీగా నేను చూసింది అప్పుడే.

కిట్టుకు ముప్పై డిగ్రీల వేడి కావాలి. మా ల్యాబు ఇంక్యుబేటరు ముప్పై ఏడు మీద ఉండేది, దాన్ని కదిలిస్తే తక్కిన పరీక్షలు చెడతాయి. ఆమె ఇంటి నుంచి ఒక చెక్కపెట్టె తెచ్చింది. లోపల చిన్న బల్బు, చుట్టూ తడిపిన గోనెపట్టా, మధ్యలో థర్మామీటరు. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పట్టుపురుగులను సాదలిలో ఇట్లానే కాస్తారట. వేడి ఎక్కువైతే గోనె తడపాలి, తగ్గితే కొంచెం విప్పాలి. పొద్దున, మధ్యాహ్నం, ఇంటికి పోయే ముందు తానే చూసి కాగితం మీద రాసేది. తన ఉద్యోగాన్ని మింగబోయే వస్తువుకు తానే పొదుగు పెట్టె కట్టింది. అప్పుడు కూడా నేను, పైకి మంచిదానిలా కనిపించడానికి చేస్తోందని అనుకున్నాను. అనుమానం హేతువాదికి మంచి పనిముట్టే, కానీ అది ఎప్పుడూ ఎదుటివాళ్ళ వైపే తిరిగి ఉంటే దానికి వేరే పేరు ఉంది.

రెండో వారంలో ఒక చలి పొద్దున నేను వేడి డిస్టిల్డ్ వాటర్‌ను పెద్ద గాజు జాడీలో పోస్తుంటే అది టప్పున పగిలింది. ఆమె ఆ రోజు డాక్టరమ్మతో చింతామణి శిబిరానికి పోయింది. ఇంకో జాడీ బెంగళూరు నుంచి రావాలి. నేను తడుముకోలేదు. అంతకు కొద్దిరోజుల ముందే కూటమిలో ‘ఆచారాలకు పరీక్ష’ అని మాట్లాడి ఉన్నాను. మన ఆచారాల్లో పదింటికి తొమ్మిది తప్పాయనీ, ఒకటి మాత్రం నెగ్గిందనీ, అది రాగి బిందెలో నీళ్ళు ఉంచడమనీ, రాగి క్రిములను చంపుతుందనీ బల్ల గుద్ది చెప్పాను. చప్పట్లు బాగా పడ్డాయి. ఇంటికి పోయి మా రాగి బిందె తెచ్చి, చింతపండుతో బంగారంలా తోమి, మూత పెట్టి నా బల్ల కింద ఉంచాను. డిస్టిల్డ్ వాటర్ అందులో పట్టాను. అంతకంటే శుభ్రమైన పాత్ర ఉంటుందా! ఆమె వచ్చి చూసి, కడిగినావా అని అడిగింది. కడిగానన్నాను. ఆమెకు కావలసిన నీళ్ళు ఎప్పుడూ డిస్టిల్డ్ వాటర్ యంత్రం దగ్గరే కూజాలో పట్టుకుని అప్పటికప్పుడు వాడుకునేది. అందుకే ఆ బిందె ఆమె గది గడప తొక్కలేదు.

నెల తిరిగాక డాక్టరమ్మ గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆమె నంబరు చదివి పాత పద్ధతి చెప్పిన పేరు చెబుతుంది, నేను కిట్టు చెప్పిన పేరు చెబుతాను, డాక్టరమ్మ సొరుగులోని జాబితా చూసి టిక్కు పెడుతుంది. మొదట్లో ఇద్దరికీ టిక్కులు పడ్డాయి. తరువాత నాకు తప్పులు మొదలయ్యాయి. ఒకే ఈస్టుకు రెండు నంబర్లు వేసిన చోట కిట్టు రెండు పేర్లు చెప్పింది. బన్నుల ఈస్టుకు నేను చదివిన పేరు విని డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది ఏ బేకరీలోనూ ఉండే జాతి కాదు. ఆమె మాత్రం ఆ ఈస్టును బేకరీదని వాసన చూసి కాదు, చక్కెరల గొట్టాలు చూసి చెప్పింది.

కిట్టు ఇక్కడ పనికిరాదని రాసేస్తానని డాక్టరమ్మ అంది. మూడో గది నిలబడింది. నేను ఊరుకోలేకపోయాను. వరండాలో ఆమెను ఆపి, పెట్టె తమరి చేతిలోనే ఉండింది కదమ్మా, వేడి ఎంత పెట్టారో ఎవరికి తెలుసు అన్నాను. గొంతు తగ్గించి అన్నాను గాని అన్నాను. ఆమె నా ముఖం చూసింది. చేతిసంచి తీసుకుని ఇంటికి పోయింది.

మరుసటి పొద్దున నేను వచ్చేసరికి ఆమె నా గదిలో నేల మీద పాతచీర పరిచి, నెల రోజుల పట్టీలన్నీ వరసగా పేర్చి ఉంది. చూసిన పట్టీలను పారేయకుండా ఫార్మలిన్ దూది వేసిన డబ్బాలో దాచాలని మొదటిరోజే చెప్పింది ఆమె. పట్టుపురుగుల తట్టలు పేర్చినట్టు తేదీల వారీగా, వారానికి ఒక వరస. పక్కన తన వేడి కాగితం కూడా పెట్టింది.

‘ముందు నా పెట్టె చూడప్పా,’ అంది. ‘తర్వాత నీ పట్టీలు చూస్తాం.’

కాగితంలో వేడి ఎక్కడా దారి తప్పలేదు. నేను తల దించుకున్నాను. ఆమె అంతటితో వదిలిపెట్టి ఉంటే నాకు శిక్ష సరిపోయేది. ఆమెకు కావలసింది నా శిక్ష కాదు. పట్టీల మీద వేలు ఆనించి, రెండో వారం నుంచి చెడడం మొదలైందనీ, అందులోనూ సోమవారం వేసినవి మరీ అన్యాయంగా ఉన్నాయనీ అంది.

వారం పేరు చెవిన పడగానే నాలో కూటమి లేచి కూర్చుంది. సోమవారం రాహుకాలం పొద్దున్నే వస్తుంది కదమ్మా, అందుకేమో అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. ‘సోమారం ఏం పాపం చేసిందప్పా? ఆదివారం ఈ గదిలో ఏం జరుగుతాండాదో అది చెప్పు.’

ఏమీ జరగదు, సెలవు కదా అన్నాను.

‘ఏమీ జరగకుండా ఏదో ఒకటి ఊరికే కూర్చోని ఉండాది. అది ఏందో యోచన చెయ్యి.’

ఆమె ఒక పట్టీ తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుంది. ప్రతి పట్టీలో మొదటి గుంత ఖాళీ, అందులో చక్కెర ఉండదు, ఏదీ పెరగకూడదు. రెండో గుంతలో గ్లూకోజు ఉంటుంది. మామూలు చక్కెరల్లో అది అన్ని ఈస్టులకూ ఇష్టమైనది. ఆ గుంత మబ్బుపడి తీరాలి. పడకపోతే తక్కిన గుంతలను లెక్కలోకి తీసుకోకూడదని కంపెనీ పుస్తకంలోనే ఉంది. నేను చదివాను కూడా. నా నోటు పుస్తకంలో ఆ గుంతకు ఎదురుగా ప్రతిరోజూ కూడిక గుర్తు ఉంది. పట్టీలో చూస్తే ఉన్నది పల్చటి మసక. ఊదితే పోయేంత. కిట్టు నెగ్గాలన్న ఆత్రంలో నేను ఆ మసకను మబ్బుగా రాస్తూ పోయాను. పక్షపాతి ఎవరని వరండాలో అడిగానో, జవాబు నా పుస్తకంలోనే ఉంది. పెన్సిలుతో, నా చేతిరాతతో.

‘చక్కెర పెట్టినా తినలేదంటే వాడు చచ్చన్నా ఉండాల, కడుపునొప్పన్నా ఉండాల,’ అంది ఆమె. ‘ఇన్ని జాతులోళ్ళకు ఒకేసారి కడుపునొప్పి వచ్చిందంటే తిండిని కాదప్పా అనుమానించాల్సింది. తాగిందేందో చూడాల.’

ఇద్దరి చూపూ ఒకేసారి నా బల్ల కిందికి పోయింది.

వెంటనే తీర్పు చెప్పలేదామె. అదీ నేను మరచిపోలేనిది. అనుకోవడం వేరు, చూపించడం వేరు అంది. కిట్ల పెట్టెలో మిగిలిన పట్టీలు రెండే. బన్నుల ఈస్టునే తీసుకుని, ఒక పట్టీకి బిందె నీళ్ళు, ఒక పట్టీకి అప్పుడే కూజాలో పట్టిన నీళ్ళు వాడమంది. ఏది ఏదో డాక్టరమ్మ చీటీ అంటించి దాచింది. పనికిరాదని రాసేయబోయిన కాగితం మూడు రోజులు ఆగింది. ఆ మూడు రోజులూ ఆమె గోనెపట్టా తడుపుతూనే ఉంది. ఆ రెండు పట్టీలూ ఒకేలా ఉంటే ఆమె గది ఆమెకు ఉంటుంది. వేరుగా ఉంటే పోతుంది. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు. మూడో రోజు మూత తీసింది ఆమే.

ఒక పట్టీలో రెండో గుంత పలుచబడ్డ మజ్జిగలా తెల్లగా మబ్బేసింది. గుంతలు కూడితే పుస్తకంలో బేకరీ ఈస్టు పేరు వచ్చింది. రెండో పట్టీలో అన్ని గుంతలూ ముఖం వాడినట్టు ఉన్నాయి. డాక్టరమ్మ చీటీ విప్పి బిందె అంది.

స్వచ్ఛమైన నీళ్ళు, చింతపండుతో తోమిన రాగి. శనివారం మధ్యాహ్నం పట్టిన నీళ్ళు ఆదివారమంతా ఆ బిందెలో ఊరికే కూర్చుని రాగిని కొంచెం కొంచెంగా కరిగించుకున్నాయి. అందుకే సోమవారాలు అంత చెడ్డవి. నేను డాక్టరమ్మ ముందు నేరం ఒప్పుకున్నాను. మూర్ఖంగా చేశానన్నాను. ఆమె అడ్డొచ్చింది.

‘మూర్ఖం కాదప్పా. రాగి నీళ్ళలో క్రిములు చస్తాయని కూటమిలో నువ్వు చెప్పింది నిజమే కదా. నువ్వు చెప్పింది నువ్వే నమ్మలేదు, అంతే.’

డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళలో నా ఉపన్యాసాల మీద ఎన్నో విమర్శలు వచ్చాయి, కొన్నిటికి పుస్తకాలంత జవాబులు రాశాను. ఈ ఒక్కదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఈస్టు కూడా క్రిమే అన్న సంగతి ఆ బిందె తోమే చేతులకు తట్టలేదు. వేదిక మీద చెప్పిన నిజం ల్యాబు గడప దగ్గరే చెప్పులతోపాటు విడిచి వచ్చాను.

కంపెనీ ఇంకో పెట్టె ఇచ్చింది. మళ్ళీ నంబర్లు, మళ్ళీ సొరుగు తాళం, మళ్ళీ గోనెపట్టా. నీళ్ళు ఈసారి గాజు కూజాలో, ఏ రోజువి ఆ రోజే. నేను ప్రతి పట్టీలో ముందు రెండో గుంత చూసి, తరువాతే తక్కినవి చూశాను. ఫలితాల రోజు ఇద్దరి పేర్లూ దాదాపు అన్నిచోట్లా కలిశాయి. ఒక్క రెండు జాతుల దగ్గర మాత్రం కిట్టు తేల్చలేక, ఇదైనా కావచ్చు, అదైనా కావచ్చు అంది. అక్కడ బియ్యపు గడ్డ మీద దారాలు చూస్తే తప్ప తేలదు.

వరది ఆమె రాసింది, కన్నడంలో, నీలి సిరాతో, ఎక్కడా కొట్టివేత లేకుండా. కిట్టు పనిచేస్తుంది, వేడి ముప్పై దాటకూడదు, నీళ్ళు గాజులోనే పట్టాలి, రెండో గుంత మబ్బుపడని పట్టీని పారేయాలి. మొదటి నెల ఫలితాలు ఎందుకు చెడ్డాయో కూడా రాసింది. రాగి పాత్ర అని రాసింది గాని, ఎవరు తెచ్చారో రాయలేదు. తేలని ఆ రెండు జాతులకు బియ్యపు గడ్డ వాడాలని రాసి, దాని కింద ఇంకో వాక్యం చేర్చింది: ఆ గడ్డ చేయడం అరపూటలో ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఆ వాక్యం చదివి కాగితాన్ని మళ్ళీ ఆమె ముందుకు తోశాను. ఆ రెండు జాతుల పేరు చెప్పి మూడో గదిని నిలబెట్టుకోవచ్చు. అబద్ధం కూడా అక్కర్లేదు, ఆ చివరి వాక్యం లేకపోతే చాలు. నేను అదే అన్నాను. అనుభవం ఉన్న మనిషి కావాలని రాయమ్మా, అది నిజమే కదా అన్నాను. కిట్టు కోసం నెల కింద ఆమె మీద నింద వేసినవాణ్ణి, ఇప్పుడు ఆమె కోసం కిట్టుకు అడ్డం పడుతున్నాను.

ఆమె కలం మూత బిగించింది.

‘అరపూటలో వస్తాదప్పా. నీకు నేర్పించినాను కదా, రాలేదా?’

వచ్చిందన్నాను.

‘మరి అట్ల ఎట్ల రాసేది? ఇందులో నా కోసరం ఒక్క మాట చేరిస్తే, మిగతా మాటలన్నీ నా కోసరం రాసినట్టే అయిపోతాయి. అప్పుడు రాగి సంగతి ఎవరు నమ్ముతారు?’

దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్న మీద మేమిద్దరం అంతకు ముందూ ఏకీభవించలేదు, తరువాతా ఏకీభవించలేదు. కానీ రుజువు ఎవరికీ చుట్టం కాదన్న మాటను నేను వేదికల మీద వందసార్లు అన్నాను. ఆమె ఒకసారి చేసింది. బొట్టు పెట్టుకున్న నుదురు ఆలోచించలేదని అనుకునేవాళ్ళకు, బొట్టు లేని నుదురు తప్పకుండా ఆలోచిస్తుందని అనుకునేవాళ్ళకు, ఇద్దరికీ నేను ఈ సంగతే చెబుతాను. ఆమె ఆచారాలను నేను ఇప్పటికీ సమర్థించను. ఆమె బతికిన తీరును మాత్రం ఎవరైనా వేలెత్తి చూపితే ఆ వేలు వంచుతాను.

ఆ ఆదివారం కూటమిలో లేచి, పదో ఆచారం గురించి నేను చెప్పింది సగమేనని చెప్పాను. బిందె కథ మొత్తం చెప్పాను. చప్పట్లు పడలేదు. వెనక వరసలో మాతో వాదించడానికి వచ్చే ఒక శెట్టిగారు మాత్రం, ఇన్నాళ్ళకు నీ నోటి నుంచి ఒక ఉపయోగమైన మాట వచ్చిందప్పా అన్నాడు.

వర్గ కాగితం నెలలోపే వచ్చింది. పోయే ముందు ఆమె మూడో గదిలో గొట్టాలన్నీ కడిగి ఆరబెట్టి, చక్కెరల సీసాలకు కొత్త చీటీలు అంటించింది. గోనెపట్టా పెట్టెను నా బల్ల పక్కకు జరిపింది. ఆవిరి యంత్రం మీది బొట్టును తడిగుడ్డతో తానే తుడిచేసి, ఇంగ నీకు పళ్ళు కొరికే పని తప్పింది అంది. నా బిందెను చింతపండుతో తోమి చేతిలో పెట్టి, తాగే నీళ్ళకు వాడుకో, మంచిది అంది.

బాగేపల్లి బస్సు పొద్దున ఏడున్నరకు. మొదటి రోజు నేను బస్టాండుకు పోయాను. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని ఉంది. ఏమనాలో తెలియక, కిట్ల పని బాగానే నడుస్తోందన్నాను. నీళ్ళు ఏ రోజువి ఆ రోజే పడుతున్నావా అని అడిగింది. బస్సు కదిలింది.

అప్పటి నుంచి బాగేపల్లి శిబిరం నమూనాలను మూట కట్టి పంపేది ఆమే. ప్రతి గొట్టానికీ చీటీ ఉండేది. నంబరు, తేదీ, వారం, దూదిని తడిపిన నీళ్ళు ఏ పాత్రలోవి, ఎప్పుడు పట్టినవి. రోగి పేరు మాత్రం ఉండేది కాదు. ఆ పేర్లు డాక్టరమ్మకు వేరే కవరులో, గట్టిగా అంటించి వచ్చేవి.